ఇసుక మీద అరవై అడుగుల లోతు

పెళ్లి పందిళ్లకు 230 వోల్టుల కరెంటు లాగి తోరణాలు వెలిగించే మనిషికి 12 వోల్టుల బ్యాటరీ అంటే లోకువగా ఉండటంలో వింత లేదు. నెల్లూరు జిల్లా ఇసకపల్లిలో మా బావ తన ఫైబరు బోటుకు జీపీఎస్సునూ, చేపల జాడ చూపే ఫిష్ ఫైండరునూ బిగించే పనిని మేనల్లుడికి అప్పగించినప్పుడు, ఆ కుర్రవాడు "షాక్ కూడా కొట్టని కరెంటుకు భయమేంది మామా!" అని నవ్వేశాడు. నిజానికి వోల్టేజి తక్కువైన చోటనే తీగ లావుగా ఉండాలి, లేకపోతే బ్యాటరీలో బయలుదేరిన వోల్టేజి కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. అతడు పందిట్లో మిగిలిన సన్నతీగ తెచ్చి, కొసలు మెలిపెట్టి టేపు చుట్టాడు. కరిగిపోవడమే ఉద్యోగమైన ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం మడిచి పెట్టాడు. ఫిష్ ఫైండరు పెట్టెలో మిగిలిన ఒక నల్లటి బిళ్లనూ, దాని పొడుగాటి తీగనూ అదనపు సామానుగా భావించి వలల కింద భద్రపరిచాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డున ఇసుక మీదే ఉంది. స్విచ్చు వేయగానే తెర మీద 60 అడుగుల లోతూ, అందులో గుంపులు గుంపులుగా చేపలూ ప్రత్యక్షమయ్యాయి. బోటు కింద వాస్తవంగా ఉన్నవి పొడి ఇసుకా, నిద్రపోతున్న ఒక కుక్కా మాత్రమే. అయినా చూడవచ్చిన వారెవరికీ అనుమానం రాలేదు, మా అక్క కొబ్బరికాయ కూడా కొట్టింది.

వలల కింద పడుకున్న ఆ బిళ్ల పేరు ట్రాన్స్‌డ్యూసరు. నీటిలో సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో పోయే శబ్దాన్ని అడుగుకు పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి లోతు చెప్పేది అదే. అది తగిలించి లేదని గ్రహించిన కొన్ని యంత్రాలు ఊరుకోకుండా, దుకాణంలో బేరగాళ్లకు చూపించే నకిలీ సముద్రాన్ని తెర మీద ఆడిస్తాయి.

నిషేధం ముగిశాక, ఇన్నేళ్లుగా ఉప్పుటేటి మొగను నీటి రంగు చూసి దాటిన మా బావ ఆనాడు తెరను చూసి దాటబోయి ఇసుక మేట మీదికెక్కించాడు. గెడ దించితే మోకాలి లోతుంది, తెర మాత్రం 60 అడుగులంటోంది. సెల్ఫు కొట్టిన ప్రతిసారీ వోల్టేజి పడిపోయి తెర ఆరిపోవడమూ, వెలిగాక అవే చేపలు అదే వరుసలో రావడమూ జరుగుతుంటే, మా బావ వాటిలో ఒకదాన్ని గుర్తుపట్టాడు కూడా. "ఆ పెద్దది మళ్లా వచ్చిందిరా, మనల్నొదిలి పోయేటట్టు లేదు" అంటూ మోకాలి లోతు నీళ్లలోకి వల వేయించబోయాడు.

ఆటు పోటై బోటు తేలాక, ఒడ్డునున్న మెకానిక్కు ఒకాయన ఆ బిళ్లను వెలికితీసి వెనకచెక్కకు నీటిలో మునిగేట్టు బిగించి, తీగలూ ఫ్యూజూ మార్చాడు. తెర మీద 3 అడుగుల లోతు కనిపించింది, చేప ఒక్కటీ లేదు. మా బావ చాలాసేపు చూసి, కూలి డబ్బులు లెక్కపెడుతూ అన్నాడు: "బాగుచేశానంటివి, ఒక్క చేపైనా లేదేంది సామీ? ముందర ఉన్నిందే మేలు."