పొట్టేళ్ళు ఎక్కడ మాస్టారూ?

మా కాలేజీ స్వర్ణోత్సవాల ఆహ్వానపత్రిక తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేనే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మంచిది. తర్వాత జరిగినదానికి బాధ్యులెవరా అని మీరు వెతుక్కోనక్కర్లేదు.

మాది కోస్తాలో ఒక కాథలిక్ కాలేజీ. ఫాదర్లు నడుపుతారు. నేను అక్కడ ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటాను, కాలేజీలో క్రిస్మస్ కేకు తింటాను. ఈ రెండిటికీ ఎప్పుడూ పేచీ రాలేదు. ఇన్నేళ్ళు ఫాదర్ల మధ్య మసిలేసరికి వాళ్ళ భాష నాకు బాగా పట్టుబడింది. పట్టుబడిందన్న ఆ గీరే కొంప ముంచింది.

ఉత్సవాలకి పద్నాలుగు కమిటీలు వేశారు. నాకు రెండు తగిలాయి, ఆహ్వాన కమిటీ ఒకటి, భోజనాల కమిటీ ఇంకొకటి. మొదటిది నేను అడిగి తీసుకున్నది, రెండోది ఎవరూ తీసుకోనిది. మొదటి మీటింగులో ప్రిన్సిపాల్ ఫాదర్ జూబిలీ అంటే ఏమిటో వివరించారు. ఆ మాట హీబ్రూ భాషలోని ‘యోబేల్’ నుంచి వచ్చిందట. యోబేల్ అంటే పొట్టేలు. ఏడేళ్ళు ఏడుసార్లు గడిచాక, ఏబయ్యో ఏడు రాగానే పొట్టేలు కొమ్ముతో చేసిన బూర ఊది ఊరంతా చాటేవాళ్ళు. లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉంది. ఆ ఏడు బానిసలకి విడుదల, అమ్ముకున్న పొలాలు తిరిగి పాత సొంతదారులకే. రోములో 1300లో ఎనిమిదో బోనిఫేస్ పోపు తొలి జూబిలీ సంవత్సరం ప్రకటించారని, 1475 నుంచి పాతికేళ్ళకోసారి చేస్తున్నారని కూడా చెప్పారు.

“పొలం తిరిగిచ్చేస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది ఫాదర్?” అని ఎకనామిక్స్ ఆయన అడిగాడు. మేమంతా నవ్వాం. వెనక కుర్చీలో ఒక్కడు మాత్రం నవ్వకుండా శ్రద్ధగా వింటున్నాడు. మెనూ మాట్లాడ్డానికి పిలిపించిన వంటమేస్త్రి. తన వంతు వచ్చేదాకా కూర్చోమన్నాం. పాపం, అరగంటలో అతని చెవిన పడిన మాటల్లో అతనికి పనికొచ్చేది ఒక్కటే ఉంది. పొట్టేలు.

మెనూ ఖాయం చేశాం. పలావు, గోంగూర మటన్, టమాటా పప్పు, పెరుగు చట్నీ, సాంబారు, కాజా. ఆరు వందల మంది. అడ్వాన్సు ఇరవై వేలు.

ఇక ఆహ్వానపత్రిక. ఫాదర్ ఇంగ్లీషు కార్డు నమూనా పంపితే నేను ఒప్పుకోలేదు. “మన భాషలో ఇంత చక్కటి మాటలుండగా హోలీ మాస్, బిషప్, పారిష్ ప్రీస్ట్ ఏమిటి ఫాదర్?” అన్నాను. రెండు రాత్రులు కూర్చుని రాశాను. ఉదయం 8 గంటలకు కృతజ్ఞతా దివ్యబలిపూజ. సమర్పణ, మహాఘన పీఠాధిపతులు. సహసమర్పకులు, విచారణ గురువులు. దివ్యసత్ప్రసాద స్వీకరణ. 11 గంటలకు స్వర్ణోత్సవ సభ. 1 గంటకు ప్రీతిభోజనం. మా ఆవిడ చదివి, “సమర్పణ అని వేశారు, సినిమాకి మల్లే దర్శకత్వం ఎవరిదండీ?” అంది. పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే అక్కడే ఒక హెచ్చరిక దొరికేది.

కాథలిక్కులకి ఇందులో వింతేమీ లేదు. పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటలే. బలిపూజ అంటే హోలీ మాస్, రొట్టె, ద్రాక్షారసం సమర్పించే వాళ్ళ ప్రధాన ఆరాధన. పీఠాధిపతి అంటే బిషప్పు, విచారణ అంటే పారిష్. కానీ మా ఊళ్ళో కార్డు చదివేవాళ్ళు కాథలిక్కులే కాదు కదా.

ఫ్లెక్సీ షాపు కుర్రాడు నా మేటర్ తీసుకుని అను ఫాంట్స్‌లోకి మార్చి, అందంగా ఉంటుందని ‘దివ్యబలిపూజ’ అన్న మాటని రెండు ముక్కలు చేశాడు. పైన పసుపు రంగులో చిన్నగా ‘దివ్య’. కింద ఎర్ర రంగులో, ఒక్కో అక్షరం మూరెడు చొప్పున, ‘బలిపూజ’. నెత్తుటి చుక్కలు కారుతున్నట్టుండే డిజైన్ ఒకటి అతని కంప్యూటర్లో రెడీగా ఉందట, అదీ తగిలించాడు. గేటు ముందు కట్టిన రెండో రోజుకే స్టేషన్ నుంచి కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన దిగాడు.

“ఈ దివ్య ఎవరండీ?” అన్నాడు.

“ఏ దివ్య?”

“మీ ఫ్లెక్సీలో ఉంది చూడండి. ఏ ఇయర్ పిల్ల? వాళ్ళ పేరెంట్స్‌కి తెలుసా?”

నాకు విషయం అర్థమై, వివరించేసరికి పావుగంట పట్టింది. ఆయన తల ఊపాడు గానీ పూర్తిగా నమ్మలేదు. వెళ్ళబోతూ మళ్ళీ ఫ్లెక్సీ చూసి, “విచారణ గురువులు అని కూడా ఉంది. లోపల ఏదైనా ఎంక్వయిరీ జరుగుతోందా సార్?” అని అడిగాడు. ఆ సాయంత్రమే నిచ్చెన వేయించి నెత్తుటి చుక్కల మీద పువ్వులు అంటించాను.

అదే వారం మా వీధి చివరి మామ్మగారు, పీఠాధిపతులు వేంచేస్తున్నారని చదివి, పాదపూజకి టికెట్ ఎంతని కబురు పెట్టారు. టికెట్ ఏమీ లేదు, రండి మామ్మగారూ అన్నాను. ఆవిడ పండగ రోజున ఒక పళ్ళెంలో అరటిపళ్ళు, శాలువా పట్టుకుని నిజంగానే వచ్చారు. బిషప్పుగారు ఏమాత్రం తడబడకుండా పళ్ళు తీసుకుని, తల మీద చెయ్యి పెట్టి దీవించారు. “ఈ స్వామివారు తెల్లబట్టలు కట్టారేమిటి నాయనా, కాషాయం కాకుండా?” అని మాత్రం అడిగారు నన్ను. మొత్తం ఉత్సవంలో పూర్తి సంతృప్తితో ఇంటికెళ్ళింది ఆవిడొక్కరే అనుకుంటాను.

అసలు ప్రమాదం ఫోన్‌లో జరిగింది. శనివారం సాయంత్రం వంటమేస్త్రి ఫోన్ చేశాడు. నేను స్టేజీ దగ్గర మైకు వాడితో గొడవపడుతూ మాట్లాడాను.

“మాస్టారూ, కార్డు చూశాను. బలి ఎన్నింటికండీ?”

“ఎనిమిదింటికి.”

“ఎన్నండీ?”

“ఎన్నేమిటి? ఒక్కటే.”

“ఒక్కటేనా! ఆరు వందల మందికి చాలుద్దా?”

“చాలదా మరి? గ్రౌండ్‌లో పెట్టాం. పంచడానికి ఐదుగురు ఫాదర్లున్నారు. మూడు వరుసల్లో నిలబడితే పావుగంటలో అందరికీ అందిపోతుంది.”

కాసేపు అటు నుంచి మాట లేదు. “ఫాదర్లే పంచుతారా?” అన్నాడు మెల్లగా.

“వాళ్ళే పంచాలి. ఇంకెవరు ముట్టుకున్నా బాగోదు.”

“ప్రసాదం కూడా మీదే అని రాశారు.”

“అది మాదేనయ్యా, నీకెందుకా బెంగ? పదికల్లా పూజ అయిపోతుంది, ఆ తర్వాత అంతా నీ చేతిలోనే.”

“అయితే నా పని సగం తగ్గించారు మాస్టారూ, చల్లగా ఉండాలి మీరు,” అని పెట్టేశాడు. మంచివాడు, కృతజ్ఞత ఉన్నవాడు అనుకున్నాను.

ఆదివారం పూజ బ్రహ్మాండంగా జరిగింది. మా పిల్లల కోరస్ పాటకి మొదటి బ్యాచ్ వాళ్ళు, ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డవాళ్ళు, కళ్ళు తుడుచుకున్నారు. పదీ పదికి వంటశాల వైపు వెళ్ళాను. పలావు బియ్యం నానుతున్నాయి. గోంగూర ఒక గుట్ట పోసి ఉంది. పక్కన ఇద్దరు మనుషులు నీలం పట్టా పరిచి, చింత మొద్దు ఒకటి పెట్టి, కత్తులు నూరుకుంటూ కూర్చున్నారు. వంటమేస్త్రి నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

“రండి మాస్టారూ. పొట్టేళ్ళు ఎక్కడ?”

“ఏ పొట్టేళ్ళు?”

“పూజలో ఇచ్చినవి. మీరు ఒక్కటే అన్నారు గానీ, ఏదో పది పదిహేను ఉంటాయిలే అనుకున్నా.”

నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. కాజాల బుట్ట ఏదని అడిగాను. లేదు. “ప్రసాదం మీదే అన్నారు కదండీ. చక్కెర పొంగలో, రవ్వకేసరో చేయిస్తున్నారనుకుని మానేశా,” అన్నాడు. పూజలో ఇచ్చే సత్ప్రసాదం రూపాయి బిళ్ళంత పలచటి పులియని గోధుమ రొట్టె అని, అది భోజనాల్లో వడ్డించేది కాదని అప్పుడు చెప్పి ఏం లాభం?

“చర్చిలో పొట్టేళ్ళని బలిస్తారని నీకెవరు చెప్పారయ్యా!” అని అరిచాను.

అతనికి కోపం రాలేదు. లెక్కలు చెప్పినట్టు చెప్పాడు. “గుణదల మేరీమాత కొండకి ఏటా వెళ్తాం మాస్టారూ. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. అవన్నీ ఉన్నప్పుడు ఇది మాత్రం ఉండదని నాకెట్టా తెలుస్తుంది? ఫాదర్‌గారే కదా మీటింగులో పొట్టేలు కొమ్ములు అన్నారు. కొమ్ములు మీరు ఊదుకుంటే మిగతాది నాకేననుకున్నా. పైగా ఫ్లెక్సీలో అంతంత అక్షరాలు.”

దీనికి జవాబేముంది? గోంగూర గుట్ట వంక చూస్తూ నిలబడ్డాను.

ప్రిన్సిపాల్ ఫాదర్ విని, మొదట కళ్ళు మూసుకున్నారు. ప్రార్థించారో, నన్ను చూడలేకపోయారో తెలీదు. తర్వాత చకచకా ఆజ్ఞలిచ్చారు. వ్యానేసుకుని ఎన్‌సీసీ పిల్లలు మటన్ కోసం బయల్దేరారు. ఆదివారం పదకొండు గంటలకి మా ఊళ్ళో మటన్ షాపుల్లో ఏముంటుందో మీకు తెలుసు. రెండు తలకాయలు, పన్నెండు కాళ్ళు దొరికాయి. చివరికి బైపాస్ దగ్గర బ్రాయిలర్ షాపాయన కాళ్ళావేళ్ళా పడితే కోళ్ళు కొట్టివ్వడం మొదలుపెట్టాడు. రెండున్నర ముందు భోజనాలు లేవవని తేలింది.

అంటే ఒంటిగంటకి ముగించాల్సిన సభని ఇంకో గంటన్నర లాగాలి.

ఇలాంటి సభల్లో పూర్వవిద్యార్థి మైకు పట్టుకోగానే వెనక నుంచి చీటీ పంపడం ఆనవాయితీ, ‘2 నిమిషాలు మాత్రమే’ అని. ఆ రోజు ‘ఇంకా చెప్పండి’ అని చీటీలు పంపాం. అమెరికా నుంచి వచ్చిన ఒకాయన తను క్లాసుకి ఎగనామం పెట్టి చూసిన సినిమాలు వరసగా చెప్పాడు, ఏ హాలో కూడా. ఒక రిటైర్డ్ తాసీల్దారుగారు హాస్టల్ చారు మీద సొంత పద్యాలు చదివారు, పదకొండు. అందరూ అయిపోయారు. పన్నెండూ యాభై. ఫాదర్ నా వైపు చూశారు. ఆ చూపులో క్షమ ఉంది గానీ మాఫీ లేదు. లేచాను.

మైకు ముందు నిలబడితే నా తప్పుకి మూలపురుషుడే గుర్తొచ్చాడు, రాబర్ట్ డి నోబిలి. ఇటలీ నుంచి వచ్చిన జెస్యూట్ ఫాదర్, 1606లో మదురై చేరినవాడు. తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. క్రైస్తవ భక్తిని ఈ దేశపు మాటల్లోనే చెప్పాలన్న దారి దక్షిణాదిలో వేసినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. పూజ, ప్రసాదం, గురువు లాంటి మాటలు చర్చిలో స్థిరపడ్డ కథంతా ఎత్తుకున్నాను. అదే తెలుగులో ప్రొటెస్టెంట్లు ఆరాధన, పాస్టరు అంటే, కాథలిక్కులు పూజ, గురువు అంటారని పోల్చి చెప్పాను. ఊపు వచ్చింది. “ఆయన సన్యాసిలా కాషాయం కట్టాడు, నేల మీద పడుకున్నాడు, మాంసం ముట్టడం పూర్తిగా మానేశాడు…”

వెనక వరుసలో ఎవరో లేచి, “ఆయన మానేశాడు, బానే ఉంది. మాతో ఎందుకు మానిపిస్తున్నారు మాస్టారూ?” అన్నారు. విషయం అప్పటికే పందిరంతా పాకిపోయింది. రెండు నిమిషాల పాటు నవ్వులు. బిషప్పుగారైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పక్కనే ఉన్న మా పాత ప్రిన్సిపాల్, తొంభైకి దగ్గరపడ్డ ఫాదర్, మైకు తీసుకుని ఒక్క మాటన్నారు. “రెండో వాటికన్ మహాసభ అయ్యేదాకా పూజ లాటిన్‌లో ఉండేది. అప్పుడు ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. భోజనం మాత్రం టైముకి అందేది.”

రెండూ నలభైకి గోంగూర చికెన్ వచ్చింది. ఆకలి మీద ఉన్నారేమో, ఎవరూ వంక పెట్టలేదు. స్వీటు సమస్య కేకు తీర్చింది. కాలేజీ భవనం ఆకారంలో చేయించిన కేకు అది. లెక్కల లెక్చరర్ స్కేలు పెట్టి ఆరు వందల ముక్కలు కోశాడు. గోపురం బిషప్పుగారికి, లైబ్రరీ మొదటి బ్యాచ్‌కి వెళ్ళాయి. నాకు పరీక్షల విభాగం కిటికీ ఒకటి వచ్చింది.

మర్నాడు వంటమేస్త్రి బిల్లు తెచ్చాడు. అందులో ‘పట్టా, కత్తులు నూరుడు: 300’ అని ఒక పద్దు ఉంది. ఫాదర్ చూసి, మాట్లాడకుండా సంతకం పెట్టారు.

వచ్చే నెల ముగింపు ఉత్సవం. కార్డు ఇంగ్లీషు మాటలతోనే ఉండాలని ఈసారి ఫాదర్ పట్టుబట్టారు, నేను కిక్కురుమనలేదు. నిన్న రాత్రి వంటమేస్త్రి ఫోన్ చేశాడు.

“మాస్టారూ, కార్డు అందింది. ఈసారి పూజ తీసేశారుగా, బతికించారు. ఒక్క అనుమానం. పొద్దున్న ఎనిమిదింటికి మాస్ అని వేశారు. మరి క్లాస్ వాళ్ళకి వేరే వంటాండీ, అందరికీ ఒకటేనా?”