గొడుగుకి పేరుంది

2017 మేలో వోగ్ ఇండియా అనే ఫ్యాషన్ పత్రిక తన పదేళ్ల పండగ సంచికకి అమెరికా మోడల్ కెండల్ జెన్నర్‌ని ముఖచిత్రంగా వేసింది. ఇంత దేశంలో ఒక్క అమ్మాయి దొరకలేదా అని ఒకటే గోల. అదే ఏడాది మార్చి సంచికకి అమెరికా వోగ్ తెల్లజాతి మోడల్ కార్లీ క్లాస్‌ని జపాన్ తీసుకెళ్లి, గెయిషాలా, అంటే అక్కడి సంప్రదాయ కళాకారిణిలా, ముస్తాబు చేసి ఫొటోలు తీసింది. వేరేవాళ్ల సంస్కృతిని వేషం చేశారని తిట్లొచ్చి ఆవిడ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

నాకు ఈ రెండిటి మీదా పెద్దగా కోపం రాలేదు. సూపర్‌మోడల్‌కి డబ్బొస్తుంది, పేరొస్తుంది, తిట్లొస్తే అవీ ఆ పేరుకే వస్తాయి. నన్ను ఇప్పటికీ వదలనివి అసలు మోడల్సే లేని ఫొటోలు.

2008 ఆగస్టు. వోగ్ ఇండియా మొదలై ఇంకా ఏడాది కాలేదు. 16 పేజీల నిండా మామూలు జనం. పై పళ్లు లేని ఒక ముసలావిడ చంకలో పిల్ల, ఆ పిల్ల మెడకి ఫెండి కంపెనీ బిబ్ (చొంగ గుడ్డ), ఖరీదు 100 డాలర్లు. కాళ్లకి చెప్పుల్లేని ఒక పెద్దాయన చేతిలో బర్బెరీ గొడుగు, 200 డాలర్లు. మోటార్‌సైకిల్ మీద ముగ్గురు. వెనక ఒక పక్కకి కూర్చున్న తల్లి చేతికి హెర్మెస్ బర్కిన్ బ్యాగు, 10,000 డాలర్ల పైమాటే. రోజుకి 1.25 డాలర్ల లోపు బతికేవాళ్లు దేశంలో 45 కోట్ల పైచిలుకని ప్రపంచ బ్యాంకు లెక్క చెప్పిన రోజులవి.

ఆ బండి ఫొటో చూస్తే నాకు మా నాన్న స్కూటర్ గుర్తొచ్చింది. ముందు నేను నిలబడేవాణ్ణి, వెనక అమ్మ. అమ్మ చేతిలో వైరు బుట్ట.

పేదరికాన్ని వేళాకోళం చేశారని విమర్శలొచ్చాయి. ఇంత సీరియస్‌గా తీసుకోకండి, ఫ్యాషన్ డబ్బున్నవాళ్ల సొత్తేం కాదు అన్నట్టుగా ఎడిటర్ జవాబిచ్చారు. నిజం చెప్పాలంటే అందులో సగం నేనూ ఒప్పుకుంటాను. లేనివాళ్లు పత్రికలో అందంగా కనపడకూడదని ఎక్కడుంది? కానీ ఫొటోల పక్కన రాసిన అక్షరాలే మింగుడుపడవు. గొడుగు ఏ కంపెనీదో రాశారు. పట్టుకున్న మనిషెవరో రాయలేదు.

ఇంత కోపం తెచ్చుకున్నాక, వేరే పని మీద మన సంఘం పత్రిక పాత సంచికలు తిరగేశాను. ఊళ్లో దుప్పట్ల పంపిణీ, కంటి శిబిరం, కుట్టుమిషన్లు. వెనక బ్యానర్. దాతల పేర్లు "గారు"తో సహా, పక్కన ఏ ఊరు, ఏ రాష్ట్రం. ముందు వరసలో ఆపరేషనయి నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చున్న పదిహేను మంది. కింద "లబ్ధిదారులతో మన ప్రతినిధులు" అని ఒక లైను. మనది సేవ, వాళ్లది వ్యాపారం, నిజమే. కానీ ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది?

వచ్చే సంచిక నుంచి, వాళ్లకి ఇష్టమైతేనే, వాళ్ల పేర్లు కూడా వేయమని సంపాదకవర్గాన్ని అడుగుతున్నాను. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఫొటో కూడా వద్దు.

కుట్టుమిషన్ల ఫొటో తీసి పంపింది నేనే, 2019లో, మా ఊరి హైస్కూల్లో. మిషన్ అందుకుంటున్నావిడ పేరు ఆ రోజు అడిగాను కూడా. ఇప్పుడెంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మిషన్ మీద కంపెనీ పేరు మాత్రం ఫొటోలో చక్కగా పడింది.