ఆయిల్ చుక్కకి గోత్రం ఉంది, లీకేజీకి లేదు

పెళ్ళి సంబంధం వచ్చిందంటే అవతలోళ్ళ ముత్తాత ఏ ఊర్నించి వలసొచ్చాడో, వచ్చాక ఎన్నెకరాలు తగలేశాడో కూడా కూపీ లాగడంలో గోదారోళ్ళని మించినోళ్ళు లేరని మనకో నమ్మకం. ఆయ్, ఆ నమ్మకం కాస్త తగ్గించుకోవాల్సిన టైమొచ్చిందండి. జియోకెమిస్టులని కొంతమంది ఉన్నారు, వాళ్ళ చేతిలో ఒక్క చుక్క క్రూడాయిల్ పెడితే చాలు, దాని తాతముత్తాతలు ఎవరు, చెరువులో పుట్టారా సముద్రంలో పుట్టారా, ఎంత వేడిలో ఉడికారు అని మొత్తం జాతకం తీసేస్తారు. నూనెలో హోపేన్లనే అణువులు కనబడితే ఎప్పుడో చచ్చిపోయిన బాక్టీరియా బాపతు, స్టెరేన్లయితే ఎక్కువగా నాచు బాపతు, ఓలియనేన్ తగిలిందంటే వంశంలో పూలు పూసే చెట్లున్నట్టు లెక్క, పూల చెట్లు భూమ్మీద గట్టిగా పాతుకుంది డైనోసార్ల చివరి రోజుల్లో కాబట్టి వయసు కూడా దొరికిపోతుంది. 1930ల్లోనే ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ కెమిస్టు క్రూడాయిల్లో పోర్ఫిరిన్లనే పదార్థాలు పట్టుకుని ఇవి ఒకప్పటి ఆకుపచ్చ క్లోరోఫిల్ నుంచి వచ్చాయని తేల్చేశాడు. మన పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇప్పటికీ మూడు తరాల దగ్గరే ఆగిపోతున్నారు.

గ్యాస్ సంగతి ఇంకా ఘోరం, దానికి రంగూ వాసనా లేకపోయినా వదలరు. కార్బన్లో 12 అని తేలికది, 13 అని బరువుది ఉంటాయి, వాటి నిష్పత్తి ఒక ప్రమాణం కన్నా వెయ్యికి ఎంత తేడాగా ఉందో కొలుస్తారు, బరువుది తక్కువైతే మైనస్. లోతు లేని బురదలో సూక్ష్మజీవులు తయారు చేసిన మీథేన్ అయితే మైనస్ 60 కన్నా కిందకి పోతుంది, భూమి లోతుల్లో ఉడికి తయారైంది అయితే అంత కిందకి పోదు. 2006లో మన తీరానికి అవతల సముద్రంలో తవ్వితే దొరికిన గ్యాస్ హైడ్రేట్లలో, అంటే గ్యాస్‌ని పట్టుకుని మంచులా గడ్డకట్టిన సరుకులో ఉన్నది సూక్ష్మజీవుల సరుకు, మండపేట కింద ఉన్నది పాత బొగ్గు పొరల్లో ఉడికిన సరుకు. ఈ మైనస్ దేనితో పోల్చి అంటే, అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో దొరికిన స్క్విడ్ లాంటి జంతువు శిలాజంతో. ఆ శిలాజం పొడి కూడా ఎప్పుడో వాడేశారు, ఇప్పుడు దాని బదులు వియన్నా పేరు మీద కొత్త ప్రమాణం నడుస్తోంది. కోనసీమ గ్యాస్‌కి కోనసీమలో కొలత లేదన్నమాట, అయినా మనం అలగలేదు.

అలగకపోడానికి కారణం ఉంది, భూమి కింద రాతి పొరలకి పేర్లు మన ఊళ్ళవే పెట్టారు. జియాలజీ చార్టు తీసి చూడండి, పాలకొల్లు షేల్, వడపర్రు షేల్, మత్స్యపురి శాండ్‌స్టోన్, భీమనపల్లి లైమ్‌స్టోన్, నరసాపూర్ క్లేస్టోన్, ఒకదాని మీద ఒకటి, అచ్చం పల్లెవెలుగు బస్సు రూటు బోర్డులా ఉంటుంది. 1995 జనవరిలో గ్యాస్ బావి అదుపు తప్పి బ్లోఅవుటై రెండు నెలల పైన మండిన పాశర్లపూడి పేరు కూడా అందులో ఒక పొరకుంది. హ్యూస్టన్లో కూర్చున్నోడికి మత్స్యపురి కింద ఏముందో తెలుసు, పైన రోడ్డు సంగతి మాత్రం అడక్కండి, అది వాళ్ళ సబ్జెక్టు కాదు.

ఇక మా ఊళ్ళో ప్రతి ఎలక్షన్‌కీ లేచే స్థానికుడు, స్థానికేతరుడు గొడవ. దీన్ని ఈ సైన్సు ఎలా పరిష్కరించిందో చెప్తే కొంతమందికి నిద్ర పట్టదు. రాజమండ్రి పక్కన కాటేరులో, ఇవతల పంగిడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి ఉంది చూశారా, దాని కెమిస్ట్రీ తీస్తే పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ దగ్గర లావా పొరలతో సరిపోయింది, అంటే సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట అక్కణ్ణించి లావా ఇంత దూరం నడిచొచ్చింది. పోనీ రాయి వలసొచ్చింది, మట్టన్నా మనదే కదా అంటే, గోదారి పుట్టింది నాసిక్ దగ్గర, నది పరీవాహకంలో సగం దాకా ఆ దక్కన్ రాళ్ళే, ఒండ్రులో స్ట్రాన్షియం, నియోడిమియం అనే మూలకాల ఐసోటోపులు (కార్బన్లో లాగే తేలికవీ బరువువీ) కొలిస్తే ఎంత వాటా ఎక్కణ్ణించి కొట్టుకొచ్చిందో బయటపడిపోతుంది. ఆరు తరాల నుంచి ఇక్కడోళ్ళమని మీసం మెలేసే ఆసామి నిలబడ్డ గట్టు మహారాష్ట్ర సరుకు. అంచేత ప్రతి సచివాలయంలో ఈ ఐసోటోపులు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఒకటి పెట్టాలని నా మొదటి డిమాండు, నామినేషన్‌తో పాటు అభ్యర్థి పెరటి మట్టి కూడా జతపర్చాలి.

మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు బెల్లం కూడా చూడొచ్చు. చెరుకు కార్బన్ మైనస్ 12 దగ్గర ఉంటుంది, తాటిచెట్టుది మైనస్ 26 ఆ ప్రాంతంలో, కాబట్టి తాటిబెల్లం అని రెట్టింపు రేటుకి అంటగట్టే దాంట్లో చెరుకు ఎంత కలిపారో చెప్పేయొచ్చు. ఈ డిమాండుకి మాత్రం వ్యాపారుల మద్దతు ఉండదని ముందే చెప్తున్నాను.

ఇంత తెలివైన సైన్సు ఉండగా మా బాబాయ్ చేలో మాత్రం ఒక అద్భుతం జరిగింది. ఊడ్పులయిన చేలో బోదె నీళ్ళ మీద రంగులు తిరుగుతూ తెట్టు కట్టింది, వేలు పెడితే నల్లగా జిగటగా అంటుకుంది, వరి దుబ్బులు మొదట్లో కాటుక పెట్టినట్టు అయిపోయాయి. చేను కింద నుంచి క్రూడాయిల్ పైపు పోతోంది. పైపు బాపతోళ్ళు వచ్చి గట్టు మీద నుంచే చూసి, "ట్రాక్టర్ డీజిల్ ఒలికి ఉంటుందండి" అన్నారు. బాబాయ్ కొడుకు వైజాగ్‌లో జియాలజీ చదివి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాడు, వాడు ఆగుతాడా, "డీజిల్లో హోపేన్లు ఉండవండి, బరువైనవన్నీ రిఫైనరీలోనే తీసేస్తారు, శాంపిల్ పట్టుకెళ్ళి మీ పైపులో నూనెతో పోల్చి చూడండి, మధ్యాహ్నానికి తేలిపోద్ది" అన్నాడు. సముద్రంలో ఓడ ఒలకబోసి పారిపోయినా ఇలాగే పట్టుకుంటారండి, అందులో కొత్తేం లేదు. వాళ్ళు శాంపిల్ తీసుకోలేదు, బాబాయ్ ఫోన్ నంబర్ తీసుకున్నారు.

దాంతో బాబాయ్ ఒక ఆఫీసులో అర్జీ పెట్టాడు, కొడుకు దగ్గరుండి రాయించాడు. నష్టానికి మూలం అన్న గడిలో ఆ నూనె పుట్టిన రాతి పొర పేరు, రాఘవాపురం షేల్, ఎప్పటి నుంచి అన్న గడిలో సుమారు 10 కోట్ల సంవత్సరాలు. సీట్లో ఉన్నాయన కళ్ళజోడు పైకి తోసి రెండుసార్లు చదివాడు.

"రాఘవాపురం అంటే ఏలూరు జిల్లా మెట్టలో కదండీ?"

"ఊరు అక్కడేనండి, కానీ ఆ రాయి మన కింద కూడా..."

"కింద సంగతి మాకు రాదండి. మూలం ఆ జిల్లాలో ఉందని మీరే రాశారు, అర్జీ అక్కడే పెట్టుకోవాలి. వెళ్ళేటప్పుడు వయసు ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్ళండి, పది కోట్లని నోటిమాటగా రాస్తే వాళ్ళు ఒప్పుకోరు."