మా మూలాపేటను బాగు చేసే ముందు మా గడపలు చూడండి

నెల్లూరు మూలాపేటలో రోడ్డు వేసినప్పుడల్లా వీధి పైకి లేస్తుంది, ఇళ్ళు కిందికి పోతాయి. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే ఇంకో పొర సిమెంటు పోసి చేతులు దులుపుకుంటారు. మూడు మెట్లెక్కి వెళ్ళే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. గట్టి వాన పడితే కాలవ నీళ్ళు నేరుగా నడవలోకే. నవంబరు వస్తోందంటే టెన్షన్, బియ్యం బస్తా మంచమెక్కాల్సిందే. కొలతలకు వచ్చినవాళ్ళని పక్కింటి పెద్దమ్మ నిలబెట్టి అడిగింది: "ఏంది నాయనా, రోడ్డు పెంచుకుంటా పోతే మా గడప యాడికి పోవాల?" ఎవరూ బదులు చెప్పలేదు.

బాగుచేయొద్దని ఎవరన్నారు? డ్రైనేజీ కావాలి, మంచినీళ్ళు కావాలి, సందులోకి అంబులెన్సు రావాలి. చేసే పద్ధతి చూస్తేనే కడుపు మండుతోంది.

రోడ్డు విస్తరణకి వచ్చినవాళ్ళ లెక్కలో మా ఇళ్ళ ముందు అరుగులు ఆక్రమణలట! మూలస్థానేశ్వరస్వామి ఊరేగింపు వస్తే ముసలివాళ్ళు కూర్చుని దణ్ణం పెట్టుకునేది ఆ అరుగు మీదే. ఎండన పడి వచ్చిన పూలామె బుట్ట దించుకునేదీ అక్కడే. తాతల నాటి అరుగును కొట్టే ముందు ఇంటి కాగితాలు చూపించమని కూడా అడగలేదు.

కొట్టాక "సరిచేస్తాం" అని గోడకి సిమెంటు పూసి పోయారు. మావి గానుగ సున్నంతో కట్టిన గోడలు. సున్నం గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది. మా గోడకి అదే జరిగింది. తెల్లగా ఉప్పు పొంగి, చేత్తో తాకితే పెచ్చులు రాలుతున్నాయి. ఇప్పుడేమో "ఇల్లు పాతబడింది, అపార్టుమెంటుకి ఇచ్చేయండి" అని సలహాలు. నిక్షేపంలా ఉన్న ఇంటిని పాతబడేలా చేసిందెవరు?

విస్తరణలో స్థలం పోతే టీడీఆర్ బాండు ఇస్తారు, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, కావాలంటే అమ్ముకోవచ్చు. అంతస్తులు కట్టే బిల్డరుకి అది పనికొస్తుంది. ముందు గది పోగొట్టుకున్న పెన్షనరు దాన్నేం చేసుకోవాలి? కొనేవాణ్ణి వెతుక్కుంటూ తిరగాలి, వాడు చెప్పిన రేటుకి ఇచ్చుకోవాలి. గోడ మీద గీత గీసేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగ 74వ సవరణలోనే ఉంది. నెల్లూరు ఆ లెక్క ఎప్పుడో దాటింది. అలాంటి కమిటీ మా వీధికొచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది నేనైతే చూడలేదు.

మేమడిగేది పెద్ద కోరికేం కాదు. కొత్త రోడ్డు వేసే ముందు పాత పొర తీయండి. ప్రతి గుమ్మం ఎత్తూ కొలిచి, రోడ్డు దానికంటే కిందే ఉండేలా ఎస్టిమేటు రాయండి. ఆ కాగితం తెలుగులో వీధి మొగదల అంటించండి. సున్నం గోడల్ని సున్నం పని తెలిసిన మేస్త్రీతోనే ముట్టించండి. మూలాపేట వాళ్ళు, రంగనాయకులపేట వాళ్ళు మీ గుమ్మం ఫొటో, రోడ్డు ఎంత ఎత్తుందో టేపు పెట్టి తీసి కింద కామెంట్లో పెట్టండి. అన్నీ కలిపి అర్జీ ఇద్దాం.