చింతచెట్టు కింద ఆరో తరం

ఆరో తరం మొబైల్ పరిజ్ఞానమైన 6జీ రంగంలో భారతదేశం ప్రపంచానికి దారి చూపబోతోందన్న మాటను శంకించేవారు ఇప్పటికీ కొందరున్నారు. 2023 మార్చిలో కేంద్రం విడుదల చేసిన భారత్ 6జీ దార్శనిక పత్రాన్నీ, ఆ రంగపు పేటెంట్లలో పది శాతం మనవే కావాలన్న లక్ష్యాన్నీ వారు కాగితం మీది కోరికలని తీసిపారేస్తారు. అటువంటి అల్పవిశ్వాసులను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి పాదాల దగ్గరున్న మా ఊరికి సవినయంగా ఆహ్వానిస్తున్నాను. ముందుగా ఫోను చేసి రావలసిన పని లేదు, చేసినా కలవదు.

మా ఊరి చివర ఒక చింతచెట్టు ఉంది. దాని మొదట్లో తూర్పుకు తిరిగి, ఎడమకాలు వేరు మీద పెట్టి నిలబడితే రెండు గీతల సిగ్నలు వస్తుంది. ఒక్కొక్కప్పుడు అది కొండ అవతలి ఒడిశా టవరుది కావడం వల్ల, మనం పిలిచినవారు అందుబాటులో లేరన్న సంగతి ఒడియాలో తెలుస్తుంది. మొన్న మా పెద్దమ్మ చెన్నైలో తాపీపనికి వెళ్ళిన కొడుకుతో వీడియోలో మాట్లాడుతూ, కొంగు సర్దుకోవడానికి జానెడు పక్కకు జరిగింది. తెర మీద కొడుకు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. వెనక వరుసలో తమ వంతు కోసం నిలబడినవారంతా ఒక్క గొంతుతో, “కదలకు అప్పా, కదిల్తే ఎలిపోద్ది!” అని కేకవేశారు.

దీనిని పల్లెటూరి గోలగా భావించడం పొరపాటు. అది అంతర్జాతీయ స్థాయి సాంకేతిక సూత్రం. 5జీకి నియమాలు రాస్తున్న కాలంలో మన దేశం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం ముందు ఒక వాదన పెట్టింది. పల్లెల్లో టవరుకూ టవరుకూ నడుమ ఆరు కిలోమీటర్ల ఎడం ఉంటుందనీ, జనంలో ఎక్కువమంది నడక వేగానికి మించి కదలరనీ, కొత్త పరిజ్ఞానం నగరాల్లోనే కాక అలాంటి చోట కూడా పనిచేస్తుందో లేదో పరీక్షించాలనీ ఆ వాదన సారాంశం. మన ఐఐటీల పరిశోధకులు బుర్ర పెట్టి చేసిన ఈ పనికి ‘లో మొబిలిటీ లార్జ్ సెల్’ అని పేరు. సంఘం దానిని పరీక్షల జాబితాలో చేర్చింది. దాని చుట్టూ అల్లుకున్న, 5జీఐ అనే మన సొంత 5జీ ప్రమాణం చివరకు ప్రపంచమంతా వాడే 3జీపీపీ ప్రమాణంలో కలిసిపోయింది. ఇంతవరకూ వెక్కిరింత ఏమీ లేదు, నిజంగా మెచ్చుకోవలసిన సంగతే. మా మనవి అల్లా ఒక్కటి. ఆ సూత్రం ప్రకారం పల్లెజనం మెల్లగా కదులుతారు. మా ఊరివారు అసలు కదలరు. దేశం వేసుకున్న అంచనాను మేము ఎంతో ముందే దాటేశాము, అయినా ఏ ప్రమాణంలోనూ మా పేరు లేదు.

మన టెలికాం పరిశ్రమకు మరొక ప్రత్యేకత ఉంది: అది కాలక్రమానికి లొంగదు. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రెండేళ్ళు తిరిగేసరికి, ఏసీ గది అక్కర్లేకుండా పల్లెటూరి ఎండలో, దుమ్ములో పనిచేసే 128 లైన్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీని కర్ణాటకలోని కిత్తూరులో నిలబెట్టింది. ఆర్భాటం తక్కువ, పని ఎక్కువ అన్న కాలమది. ఆ తరువాత వరస మారింది. 5జీని 2022 అక్టోబరు 1న ప్రారంభించాము. 6జీ దార్శనిక పత్రాన్ని 2023లో వెలువరించాము. స్టాక్‌హోంలో, ఓస్లోలో 2009లోనే జనం వాడడం మొదలుపెట్టిన 4జీకి మన సొంత పరిజ్ఞానంతో చేసిన రూపాన్ని 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో జాతికి అంకితం చేశాము. ఇటువంటి పరికరాలను సొంతంగా చేసుకోగల దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే కనుక ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే మనవడికి పేరు పెట్టేశాక తాతకు బారసాల చేసిన వంశం ప్రపంచంలో మనదొక్కటే అయి ఉంటుంది.

ఇక 6జీ విషయం. దాని లక్షణాలను పైన చెప్పిన అంతర్జాతీయ సంఘం పెద్దలు 2023లో ఖరారు చేశారు. వాటిలో ఒకటి, మాటలు మోసే వ్యవస్థే చుట్టుపక్కల ఎవరు, ఎక్కడ ఉన్నారో పసిగట్టడం. మా చింతచెట్టుకు ఈ విద్య ఎప్పుడో వచ్చు. ఊరందరికీ సిగ్నలు అక్కడే కనుక, ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయిందో, జీడిపిక్కల వ్యాపారి ఎవరికెంత బాకీ ఉన్నాడో, ఎవరి అల్లుడు పండక్కి రానన్నాడో ఆ చెట్టు కింద నిలబడినవారికి అరగంటలో తెలిసిపోతుంది. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు, కృత్రిమ మేధ అంతకన్నా అక్కర్లేదు. మరొక చిక్కుముడి, 6జీ కోసం పరిశీలిస్తున్న అత్యధిక పౌనఃపున్యపు రేడియో తరంగాలు ఆకులు అడ్డొస్తేనే నీరసించిపోవడం. చింతాకు కింద తరంగాలతో తలపడడంలో మాకున్న అనుభవం ఏ ప్రయోగశాలకు ఉంది? పరిశోధకులు వస్తే భోజన వసతి మేమే చూసుకుంటాము.

మన్నిక గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరితోటలు, కరెంటు స్తంభాలు నేలకూలి, జిల్లాలో చాలాచోట్ల ఫోన్లు మూగబోయాయి. మా చింతచెట్టుకు రెండు కొమ్మలు విరిగాయి. తుపానుకు ముందూ తరువాతా సమాచార సేవల్లో ఎలాంటి తేడా కనిపించని ఊరుగా మాది చరిత్రకెక్కవలసింది.

దేశంలో దాదాపు అన్ని జిల్లాలకూ 5జీ చేరిందని ప్రభుత్వం చెబుతోంది, అది అబద్ధం కాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షనులో నిలబడితే నిజంగానే ఉంది, ఆ జంక్షను నిజంగానే జిల్లాలోనే ఉంది. మా ఊరికి కూడా కిందటి వేసవిలో టవరు అవసరమా అని చూడడానికి ఒక సర్వే ఉద్యోగి వచ్చాడు. ఎండ మండిపోతోంది. అతిథి మర్యాద తెలిసినవాళ్ళం కనుక చింతచెట్టు నీడలో కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, సిగ్నలు బాగా దొరకాలని కుర్చీని తూర్పుకు తిప్పాము. ఆయన యంత్రం తీసి చూసుకుని, ‘కవరేజీ ఉంది’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరైనా వస్తే కుర్చీ ఎక్కడ వేయాలన్న దాని మీద గ్రామసభ రెండుసార్లు కూర్చుంది. బడి ముందు వేద్దామని కొందరు అంటున్నారు. అక్కడ నీడ లేదు, వచ్చినవాడికి వడదెబ్బ తగిలితే అంబులెన్సుకు ఫోను చేయడానికి మళ్ళీ చెట్టు దగ్గరికే పరుగెత్తాలి కదా అని మా పెద్దమ్మ అడ్డం తిరిగింది.