యాసంగి మోటర్ల నుంచి మొదలు కావాల్సిన దక్షిణాది విద్యుత్ ప్రణాళిక

తెలంగాణలో కరెంటు వాడకం తారస్థాయికి చేరేది మే నెల ఎండల్లో కాదు, యాసంగి వరి పొట్ట దశలో ఉండే మార్చి నెలలో. 2023, 2024, 2025 మూడేళ్లూ గరిష్ఠ డిమాండు మార్చిలోనే నమోదైంది. 2025లో అది 17,000 మెగావాట్లు దాటింది. హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)లో లైన్‌మన్ నుంచి సీఎండీ దాకా ఈ సంగతి తెలియనివారు ఉండరు. అయినా దక్షిణాది రాష్ట్రాలు స్వచ్ఛ విద్యుత్తు గురించి మాట్లాడినప్పుడల్లా ఎన్ని మెగావాట్లు కడతామన్న లెక్కే ముందుకొస్తుంది. ఆ కరెంటును ఏ నెలలో, ఏ గంటలో, ఎవరు వాడతారన్న ప్రశ్న వెనక్కి పోతుంది. దక్షిణాది రాష్ట్రాల ఉమ్మడి విద్యుత్ ప్రణాళిక ఈ ప్రశ్నతోనే మొదలు కావాలి.

కరెంటును పంచుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం మొదటి నుంచీ పొరుగు రాష్ట్రాలకూ వెలుగునిస్తోంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో జతపడింది. ఆ తర్వాత మహారాష్ట్రలోని వార్ధా నుంచి నిజామాబాద్ వైపు, వరోరా నుంచి వరంగల్ వైపు వచ్చిన 765 కేవీ లైన్లతో ఉత్తర తెలంగాణ, మొత్తం దక్షిణాదికే ఒక ముఖద్వారమైంది. తీగల కొరత చాలావరకు తీరింది. కొరవడింది కాలాల లెక్క.

కర్ణాటకలోని పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, కర్నూలులో వెయ్యి మెగావాట్లది ఉంది. ఇవి జోరుగా కరెంటు ఇచ్చేది మిట్టమధ్యాహ్నం. తమిళనాడు గాలిమరలు జోరుగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే మనకు వానాకాలం నాట్లు పడే రోజుల్లో. మధ్యాహ్నం మిగిలే ఆ సౌర విద్యుత్తును అప్పటికప్పుడే వాడుకోగల అతిపెద్ద వాడకందారు మన బోరుబావి మోటరే. నీళ్లు పగలు పారినా పొలానికి నష్టం లేదు.

అయితే ఆ మోటరు పగలు మాత్రమే కాదు, రాత్రీ నడుస్తోంది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయి పాముకాటుకు బలైన రైతుల గోస ఎరిగినవారెవరూ ఆ నిర్ణయాన్ని తేలిగ్గా తీసిపారేయరు. కానీ స్టార్టర్ డబ్బాలో ఆటో స్టార్టర్ బిగిస్తే కరెంటు రాగానే మోటరు దానంతట అదే ఎత్తుకుంటుంది, అవసరం ఉన్నా లేకున్నా తెల్లవార్లూ నీళ్లు తోడుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీది మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజి పడిపోతుంది, వైండింగ్ కాలుతుంది. పరకాలలోనో, నర్సంపేటలోనో ఏ వైండింగ్ షాపు ముందు చూసినా యాసంగిలో మోటర్లు వరుస కట్టి ఉంటాయి. పలుమార్లు చుట్టించిన మోటరు అదే నీటికి ఎక్కువ కరెంటు తాగుతుంది. బిల్లు రాదు కనుక ఆ తేడా రైతుకు కనబడదు, డిస్కం నష్టాల్లో మాత్రం కనబడుతుంది. వోల్టేజి పడిపోకుండా కాసే కెపాసిటర్ పెట్టుకోమని అధికారులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. చెప్పడంతో అయ్యే పనైతే ఈపాటికి అయిపోయి ఉండేది. పాత మోటరు తీసుకుని స్టార్ రేటింగ్ ఉన్న మోటరును ప్రభుత్వమే ఇవ్వాలి, ఏటా సబ్సిడీకి పోసే డబ్బులో కొంత ఇటు మళ్లించాలి. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ సాగుకు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తామన్న విధానం పెట్టుకుంది. నిలకడైన వోల్టేజితో పగలే సరిపడా కరెంటు వస్తుందని నమ్మకం కుదిరితే ఇక్కడి రైతు రాత్రి కరెంటు కోసం పట్టుబడతాడని నేననుకోను. ఆ నమ్మకం కుదరకముందే గంటలు కోస్తే మాత్రం రోడ్డెక్కుతాడు, అందులో అతని తప్పూ ఉండదు.

సాయంత్రం సూర్యుడు దిగాక ఏమిటన్నది అసలు చిక్కు, సహకారం అక్కరకు రావాల్సిందీ అక్కడే. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. పగటి మిగులు కరెంటుతో కింది నీటిని జలాశయంలోకి తిరిగి ఎత్తిపోసి, చీకటి పడ్డాక మళ్లీ విద్యుత్తు తీయడానికి అవి పనికొస్తాయి. కానీ 2021లో ఇదే శ్రీశైలం, సాగర్ల దగ్గర జల విద్యుదుత్పత్తి మీద రెండు తెలుగు రాష్ట్రాలు పోలీసులను మోహరించేదాకా వెళ్లాయి. ఎత్తిపోసిన నీటిని కృష్ణా వాటాల్లో ఎలా లెక్కగట్టాలో ముందే రాతపూర్వకంగా తేలకపోతే ఆ యూనిట్లను రోజువారీ నిల్వకు వాడటం కుదరదు. రాష్ట్ర విభజన తర్వాతి విద్యుత్ బకాయిల తగాదా కోర్టుకెక్కిన అనుభవమూ మరువరానిది.

బెంగళూరులోని దక్షిణ ప్రాంతీయ విద్యుత్ కమిటీ గ్రిడ్ నిర్వహణను బాగానే సమన్వయం చేస్తోంది, కానీ పంట కాలాన్ని బట్టి రాష్ట్రాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలు కుదర్చడం ఇంజినీర్ల చేతిలో ఉన్న పని కాదు. అది ఇంధన మంత్రుల స్థాయిలో జరగాలి. వచ్చే యాసంగికి ముందే వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కొన్ని వ్యవసాయ ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు కరెంటు తెచ్చే లైన్లను) ఎంచుకుని, వాటి పగటి లోడుకు సరిపడా కర్ణాటక సౌర విద్యుత్తును ఒప్పందంతో తెచ్చుకుని, బదులుగా సాయంత్రం మన బొగ్గు కేంద్రాల నుంచి అంత కరెంటు ఇచ్చి చూడవచ్చు. దీనికి కొత్త సంస్థ ఏదీ అక్కర్లేదు. ఆ ఫీడర్లకు మీటర్లు, ఆ పొలాలకు మంచి మోటర్లు, రెండు డిస్కంల మధ్య ఒక సంతకం కావాలి.