ఎగ్జాస్ట్ బ్రేక్ బిగించేసి మర్చిపోయే సామాను కాదు బాబూ

డీజిల్ పికప్ కొన్నోళ్ళని చూస్తుంటా. ముందు ట్యూనింగ్, తర్వాత పెద్ద టైర్లు, ఆ తర్వాత వెనకాల ఇంత బరువు ట్రైలర్. కొండ ఎలా ఎక్కిందో గంటలు గంటలు చెప్తారు, దిగేటప్పుడు సంగతేంటి అంటే మాత్రం "బ్రేకులున్నాయిగా బ్రో" అంటారు. ఉన్నాయి, ఎంతసేపుంటాయి? పొడుగు డౌన్‌లో పెడల్ మీంచి కాలు తియ్యకుండా దింపితే ముందు ప్యాడ్లు కాలిన వాసన, కాసేపటికి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, అంటే లోపల ఫ్లూయిడ్ మరుగుతోందన్నమాట. డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ లెక్క 140కి దిగిపోతుంది. ఏళ్ళ తరబడి ఫ్లూయిడ్ మార్చని బండి సంగతి ఇక మీరే చూస్కోండి. ఆ బ్రేకుల మీద భారం తగ్గించేదే ఎగ్జాస్ట్ బ్రేక్.

ఇదేం కొత్త బాధ కాదు. 1931లో క్లెస్సీ కమిన్స్, అంటే కమిన్స్ డీజిల్ ఇంజిన్ల కంపెనీ పెట్టిన మనిషే, అమెరికాలో కాహోన్ పాస్ దిగుతుంటే ట్రక్కు బ్రేకులు చేతులెత్తేసి చావు తప్పి బయటపడ్డాడు. ఆ భయంలోంచే తర్వాత జేక్ బ్రేక్ పుట్టింది, సిలిండర్‌లో నొక్కుకున్న గాలిని వదిలేసి బండిని నెమ్మదింపజేసేది. అది వేరే, మనం మాట్లాడే ఎగ్జాస్ట్ బ్రేక్ వేరే, రెండూ ఒకటే అనుకుని వాదించేవాళ్ళతో విసుగొచ్చేసింది నాకు. ఇది చాలా సింపుల్. టర్బో (ఎగ్జాస్ట్ గాలితో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) తర్వాత ఎగ్జాస్ట్ పైపులో ఒక బటర్‌ఫ్లై వాల్వ్, అంటే తిరిగే మూత, ఉంటుంది, యాక్సిలరేటర్ వదలగానే మూసుకుంటుంది, గాలికి బయటికి దారి ఉండదు, పిస్టన్ ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో ఆ ఒత్తిడికి ఎదురు తొయ్యాల్సొస్తుంది, బండి నెమ్మదిస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ (లోపలికెళ్ళే గాలిని ఆపే మూత) మూసుకుని ఆ పట్టు కొంత దానంతటదే వస్తుంది, పాత డీజిల్‌కి ఆ థ్రాటిలే లేదు కదా.

నాకు ఒళ్ళు మండేది "నాలుగు బోల్టులు, ఒక స్విచ్, సాయంత్రానికి అయిపోద్ది" అనే మాట విన్నప్పుడు. బోల్టులు అయిపోతాయి, అసలు పని అక్కడే మొదలవుతుంది. పాత 5.9 లీటర్ 12 వాల్వ్ కమిన్స్ తీసుకోండి, కంపెనీ వాల్వ్ స్ప్రింగులు బలహీనం, వెనక ఒత్తిడి ఎక్కువైతే మూసుకుని ఉండాల్సిన ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది, పిస్టన్‌కి తగిలే ప్రమాదం కూడా ఉంది. అందుకే 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడి) బ్రేక్ పెట్టేవాళ్ళు 60 పౌండ్ల గట్టి స్ప్రింగులు వేయిస్తారు. స్ప్రింగుల ఖర్చు మిగుల్చుకుని బ్రేక్ మాత్రం బిగించుకోవడం ఏం తెలివో నాకర్థం కాదు. ఒత్తిడి ఎంతొస్తుందో చూపించే గేజ్ కూడా పెట్టించండి, ఊహల మీద నడపొద్దు.

ఆటోమేటిక్ అయితే ఇంకో తిరకాసు. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో బలాన్ని అందించే భాగం) లాక్ కాకపోతే చక్రాల బలం ఇంజిన్ దాకా సరిగ్గా చేరదు, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతుంది, బ్రేక్ ఉన్నా లేనట్టే. లాకప్ సంగతి చూడకుండా కిట్ బిగించి "ఇది వేస్ట్" అని తిట్టేవాళ్ళే ఎక్కువ. మాన్యువల్‌కైతే క్లచ్ దగ్గర స్విచ్ తప్పనిసరి, లేదంటే బ్రేక్ పడి ఉండగా క్లచ్ తొక్కితే ఇంజిన్ ఆగిపోతుంది, దాంతో పవర్ స్టీరింగ్ సాయమూ పోతుంది, కొండ మీద స్టీరింగ్ బిగుసుకుపోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇక మెయింటెనెన్స్. ఇది అరిగి పాడవడం కన్నా వాడకుండా వదిలేస్తే పాడవడమే ఎక్కువ. బటర్‌ఫ్లై షాఫ్ట్ చుట్టూ మసి చేరి గట్టిపడుతుంది, నెలల తర్వాత ఒకరోజు స్విచ్ నొక్కితే కదలదు, లేదా మూసుకుని మళ్ళీ తెరుచుకోదు. సగం మూసుకుని ఇరుక్కుంటే బండి లాగదు, నల్ల పొగ, ఎగ్జాస్ట్ టెంపరేచర్ పైకి. జనం టర్బో పోయిందనుకుని టర్బో విప్పుతారు! ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేత్తో లివర్ లాగి వదలండి, బాగున్నది టక్కున వెనక్కొస్తుంది, మసి పట్టింది బద్ధకంగా సగం దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ మామూలు గ్రీజు పూయొద్దు, ఆ వేడికి కాలి అదే బొగ్గవుతుంది, హై టెంపరేచర్ లూబ్రికెంటే వాడాలి. వాక్యూమ్‌తో నడిచేదైతే గొట్టాలు పగిలాయేమో చూడండి. ఎగ్జాస్ట్ పైపు జాయింట్ల దగ్గర నల్లటి చార కనిపిస్తోందేమో కూడా చూడండి, చార ఉందంటే లీకు ఉన్నట్టే. అన్నిటికన్నా తేలిక, కొండలు లేకపోయినా రోజూ ఒకట్రెండు సార్లు వేస్తూ ఉండండి.

2007 మధ్య నుంచి వచ్చిన 6.7 కమిన్స్‌లో ఈ పని టర్బోయే చేస్తుంది, విడిగా వాల్వ్ లేదు. అయినా కథ అదే, స్విచ్ ముట్టుకోకపోతే టర్బో లోపలి రింగుకి మసి పడుతుంది.

నడిపేవాళ్ళకి రెండు మాటలు. ఇది పని చేసేది ఆర్‌పీఎం మీద, కాబట్టి డౌన్ మొదలవ్వకముందే గేరు తగ్గించాలి, కానీ రెడ్ లైన్ దాటనివ్వొద్దు, దిగుడులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటే గవర్నర్ (డీజిల్ తగ్గించి ఇంజిన్ వేగాన్ని అదుపు చేసేది) ఆపలేదు. వాన, మంచు ఉంటే ఖాళీ పికప్‌లో ఈ బ్రేక్ స్విచ్ ఆపేసెయ్యండి, పట్టు అంతా వెనక చక్రాలకే, అవి తేలిగ్గా జారతాయి. ఇంకోటి, విడిగా బిగించిన వాటిలో చాలావాటికి బ్రేక్ లైటు వెలగదు, వెనకోడికి మీరు స్లో అవుతున్నట్టే తెలీదు, వైరింగ్ చేసేటప్పుడే ఆ లైటు కనెక్షన్ కూడా అడిగి పెట్టించుకోండి, కుదరకపోతే పెడల్ కాస్త తాకించి లైటు చూపించండి.